గడ్డ క్యాన్సర్ కాదన్నారు, మరి మార్కర్ ఎందుకు పెరిగింది?

ఫైల్లో రెండు కాగితాలు. ఒకటి రొమ్ము గడ్డ ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు: ‘ఫైబ్రోసిస్టిక్ మార్పులు. క్యాన్సర్ కణాలు లేవు.’ రెండోది ట్యూమర్ మార్కర్ అనే రక్త పరీక్ష: ‘సీఏ 15-3: 36’. ఆ అంకె పక్కన పైకి చూపే బాణం, లావు అక్షరాలు, ‘30 లోపు ఉండాలి’ అన్న హద్దు. మొదటి కాగితం చదివి హమ్మయ్య అనుకున్న ఇల్లు రెండోది చూడగానే మళ్లీ బరువెక్కుతుంది. ముక్కలో లేనిది రక్తంలో ఎలా కనపడింది? సూది గుచ్చేటప్పుడు అసలు చోటు తప్పిపోయిందా? ఇప్పుడు లేకపోయినా రేపు వస్తుందని రక్తం ముందే చెబుతోందా?

ఒళ్లంతా ఒకేసారి చూపిస్తామనే హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో ట్యూమర్ మార్కర్లు కూడా కలిపి అమ్ముతున్న ఈ రోజుల్లో ఇలాంటి ప్రశ్నలు చాలా ఇళ్లలో వినపడుతున్నాయి. వాటికి జవాబులున్నాయి. కాకపోతే ‘మార్కర్’ అనే ఒకే మాటను మూడు నాలుగు వేర్వేరు సంగతులకు వాడటం వల్ల విషయం చిక్కుపడిపోయింది. ఒక్కో ముడే విప్పుకుంటూ వెళ్దాం.

## ‘బినైన్’ అన్న సంచిలో ఏమేం ఉంటాయి

రొమ్ములో పాలు తయారయ్యే చిన్న చిన్న గుత్తులు ఉంటాయి. ఆ పాలను చనుమొన దాకా చేర్చే నాళాలు, వాటి చుట్టూ పీచు, కొవ్వు ఉంటాయి. నెలనెలా హార్మోన్లు పెరిగి తగ్గినప్పుడల్లా ఈ గుత్తులు ఉబ్బుతాయి, సద్దుమణుగుతాయి. ముప్పై ఏళ్లపాటు, అంటే మూడు నాలుగు వందల సార్లు ఇదే జరుగుతుంది. ఎక్కడో ఒకచోట పీచు ఎక్కువవుతుంది, ఎక్కడో నాళం మూసుకుని నీరు నిలుస్తుంది, ఎక్కడో కణాలు ఒక వరుస ఎక్కువ పేరుకుంటాయి. ఇలా వచ్చే గడ్డలు, నొప్పులు, గరుకుదనం, వీటన్నింటినీ కలిపి ‘బినైన్’ అంటున్నారు. అంటే క్యాన్సర్ కానివి అని.

ఇరవైల్లో ఉన్న అమ్మాయి చేతికి తగిలే గడ్డ చాలాసార్లు ఫైబ్రోఅడినోమా. నున్నగా, గట్టిగా ఉండి, వేలితో నొక్కితే గోళీలా పక్కకు జారిపోతుంది. ముప్పై అయిదు దాటినప్పటి నుంచి నెలసరి ఆగే దాకా నీటి తిత్తులు ఎక్కువ. ఇక రిపోర్టుల్లో తరచుగా కనపడే ‘ఫైబ్రోసిస్టిక్’, ‘ఫైబ్రోఅడినోసిస్’ అనే పేర్లు ఏ ఒక్క జబ్బువీ కావు. పీచు, తిత్తులు, కణాల పెరుగుదల, ఇవన్నీ కలగలిసిన స్థితికి పెట్టిన పేర్లు. ఇన్నిన్ని మామూలు రొమ్ముల్లో కనపడేదాన్ని అసలు జబ్బని ఎందుకు అంటున్నామని 1982లోనే అమెరికాలో సుసాన్ లవ్, ఆమెతోటి వైద్యులు నిలదీశారు. 1987లో బ్రిటన్‌లోని కార్డిఫ్ వైద్యులు ఒక అడుగు ముందుకేశారు. వీటిని రొమ్ము ఎదుగుదలలోనూ, వయసుతో అది కుంచించుకుపోవడంలోనూ వచ్చే చిన్న తేడాలుగా చూడాలని చెప్పి, ఆ లెక్కన కొత్త వర్గీకరణ చేశారు. నాకు ఇదే సరైన చూపనిపిస్తుంది. అయినా పాత పేర్లు రిపోర్టుల్లోంచి పోలేదు. చదివేవాళ్ల గుండెల్లో దడ కూడా పోలేదు.

## మార్కర్‌ను అడిగే మూడు ప్రశ్నలు

శరీరంలో కొలవగలిగిన ఏ పదార్థమైనా, ఒక స్థితి గురించి ఎంతో కొంత కబురు చెబితే అది మార్కరే. రక్తంలో చక్కెర ఒక మార్కర్. రొమ్ము విషయంలో మార్కర్లను మూడు వేర్వేరు ప్రశ్నలు అడుగుతారు.

ఇప్పుడు క్యాన్సర్ ఉందా? ఇది రోగ నిర్ధారణ ప్రశ్న.

ఇప్పుడు లేదు, పదేళ్లకో ఇరవై ఏళ్లకో వచ్చే అవకాశం ఎంత? ఇది ముప్పు అంచనా.

క్యాన్సర్ వచ్చింది, మందు వేశాం, అది తగ్గుతోందా, పెరుగుతోందా? ఇది చికిత్సను గమనించే ప్రశ్న.

ఒక ప్రశ్నకు చక్కగా జవాబిచ్చే మార్కర్ మరో ప్రశ్నకు మూగబోవచ్చు. గందరగోళమంతా ఇక్కడే పుడుతోంది. మూడో ప్రశ్న కోసం పుట్టిన పరీక్షను మొదటి ప్రశ్నకు వాడుతున్నారు. వచ్చిన అంకె చూసి మనం రెండో ప్రశ్నకు భయపడుతున్నాం.

## సీఏ 15-3: ఆ బాణం గుర్తు వెనక ఏముంది

గ్రంథుల లోపలి కణాల మీద మ్యూసిన్-1 అనే ప్రోటీను ఉంటుంది. మామూలు కణంలో ఇది నాళం లోపలి వైపుకే ఉంటుంది, కాబట్టి రక్తంలోకి పెద్దగా రాదు. క్యాన్సర్ కణాల్లో ఈ లోపలి వైపు, బయటి వైపు అన్న కట్టుబాటు చెదిరిపోయి, ప్రోటీను ముక్కలు రక్తంలోకి రాలతాయి. సీఏ 15-3 పరీక్ష కొలిచేది ఆ ముక్కలనే. జబ్బు ఎముకలకో కాలేయానికో పాకిన చాలామందిలో ఇది బాగా పెరుగుతుంది. అలాంటివారికి మందు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి స్కాన్లతో పాటు దీన్నీ చూస్తారు. అక్కడ దీనికి విలువ ఉంది.

రొమ్ములోనే, చిన్నగా ఉన్న క్యాన్సర్‌లో మాత్రం చాలామందికి ఇది మామూలుగానే ఉంటుంది. పైగా క్యాన్సర్ లేకుండానే పెరగడానికి దీనికి బోలెడు దారులున్నాయి. రక్తంలోంచి దీన్ని తొలగించేది కాలేయం. కాబట్టి హెపటైటిస్, సిర్రోసిస్ ఉంటే పెరుగుతుంది. గర్భంతో ఉన్నప్పుడు, అండాశయంలో తిత్తులున్నప్పుడు, క్యాన్సర్ కాని రొమ్ము మార్పుల్లోనూ కొంచెం పెరగొచ్చు. మనవాళ్లకు పనికొచ్చే సంగతి మరొకటి ఉంది. బీ12 విటమిన్ లోపంతో వచ్చే రక్తహీనతలోనూ సీఏ 15-3 పెరిగినట్టు, విటమిన్ ఇచ్చాక తగ్గినట్టు వైద్యులు గమనించారు. మాంసం, గుడ్లు ముట్టని ఇళ్లలో బీ12 లోపం ఎంత మామూలో తెలిసిందే.

నిప్పు లేనిదే పొగ రాదంటాం. నిజమే, కానీ వంటింటి పొయ్యిలోనూ ఉండేది నిప్పే.

లెక్క వేసి చూద్దాం. ఏ బాధా లేని, నలభైల్లో ఉన్న 10,000 మంది స్త్రీలకు ఈ పరీక్ష చేశారనుకుందాం. వారిలో 20 మందికి ఇంకా బయటపడని, తొలిదశ క్యాన్సర్ ఉందనుకుందాం. తొలిదశలో అయిదుగురిలో ఒకరికే మార్కర్ పెరిగిందనుకుంటే, ఈ 20 మందిలో బాణం గుర్తు వచ్చేది నలుగురికి. మిగిలిన 9,980 మంది ఆరోగ్యవంతులే. సాధారణంగా హద్దును ఆరోగ్యవంతుల్లో 100కు 95 మంది దాని లోపల ఉండేలా గీస్తారు. అంటే మిగిలిన అయిదుగురు ఏ జబ్బూ లేకపోయినా హద్దు దాటతారు. 9,980లో అలాంటివారు 499 మంది. మొత్తం 503 మందికి బాణం గుర్తు వస్తుంది, వారిలో నిజంగా క్యాన్సర్ ఉన్నది నలుగురికి. ఇంకా బాధాకరమైనది ఇటువైపు: క్యాన్సర్ ఉన్న 16 మంది ‘అంతా నార్మల్’ అన్న కాగితం పట్టుకుని ఇంటికెళ్తారు. తర్వాత గడ్డ తగిలినా ‘మొన్నే టెస్టు చేయించుకున్నాగా’ అని ఊరుకునే ప్రమాదం వాళ్లకుంది.

ఇవి ఊహించుకున్న అంకెలే అయినా పరీక్ష నడిచే తీరు ఇదే. అందుకే అమెరికాలోని క్యాన్సర్ వైద్యుల సంఘం సహా ప్రామాణిక మార్గదర్శకాలేవీ సీఏ 15-3ని గానీ, అలాంటిదే మరో రక్త మార్కర్ సీఈఏని గానీ క్యాన్సర్‌ను ముందుగా పట్టుకోవడానికి వాడమనలేదు. మన కేంద్ర ప్రభుత్వం 2016లో ఇచ్చిన స్క్రీనింగ్ మార్గదర్శకాల్లో 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు చెప్పింది అయిదేళ్లకోసారి, శిక్షణ పొందినవారు చేత్తో చేసే రొమ్ము పరీక్ష. అందులో రక్త మార్కర్ లేదు.

మొదట చెప్పిన ఫైలుకు వద్దాం. గడ్డను చేత్తో చూసి, స్కాన్ తీసి, ముక్క పరీక్ష చేసి, మూడూ ఒకే మాట చెప్పినప్పుడు దాని ముందు 36 అన్న అంకె బరువు చాలా తక్కువ. మూడింటిలో ఏ ఒక్కటి పొసగకపోయినా వైద్యులు మళ్లీ చూస్తారు. అదీ రక్తంలో అంకె కోసం కాదు, ఆ పొసగకపోవడం కోసం.

## నాష్‌విల్‌లో తిరగేసిన 10,366 ముక్కలు

ఇక రెండో ప్రశ్న: రేపటి సంగతి. బినైన్ అని చెప్పిన ప్రతివారికీ ముప్పు ఒకటేనా?

దీనికి గట్టి జవాబు 1985లో అమెరికాలోని నాష్‌విల్ నుంచి వచ్చింది. విలియం డుపాంట్, డేవిడ్ పేజ్ అనే ఇద్దరు పరిశోధకులు, మూడు ఆసుపత్రుల్లో అంతకు చాలా ఏళ్ల ముందు తీసిన 10,366 బినైన్ ముక్కలను మళ్లీ మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. వాటిలోంచి 3,303 మంది స్త్రీలకు తర్వాత ఏమైందో ఆరా తీశారు. సగటున 17 ఏళ్ల కథ అది.

ఆ స్లైడు మీద ఏం కనపడుతుందో దగ్గరగా చూస్తే మిగతాదంతా సులువవుతుంది. మామూలు పాల నాళాన్ని అడ్డంగా కోసి చూస్తే ఉంగరంలా ఉంటుంది. ఉంగరం గోడలో రెండే వరుసల కణాలు. నాళం కేసి చూస్తూ ఒక వరుస, దాన్ని బయట నుంచి పట్టుకుని ఇంకో వరుస. ముక్కల్లో ఎక్కువ భాగం ఇలాగే ఉండి, చుట్టూ పీచో, పక్కన తిత్తో ఉన్నవి. ఇది మొదటి రకం. కొన్నింటిలో కణాలు రెండు వరుసలు దాటి లోపలికి పేరుకున్నాయి. అయితే సంతలో జనంలా పొట్టీ పొడుగూ కలిసి, అడ్డదిడ్డంగా ఉన్నాయి, మధ్యలో వంకరటింకర సందులున్నాయి. ఇది రెండో రకం: కణాలు పెరిగాయి గానీ తీరు మారలేదు. చాలా తక్కువ ముక్కల్లో కణాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఒకే సైజులో, సమదూరంలో నిలబడి, మధ్యలో పంచ్ కొట్టినట్టు గుండ్రటి రంధ్రాలున్నాయి. కణాలు ఇంత క్రమశిక్షణగా ఉంటే కంటికి ఇంపుగానే ఉంటుంది. కానీ ఆ ఏకరూపమే అనుమానం. ఒకే కణం నుంచి పుట్టిన సంతతి అంతా అలా కనపడుతుంది. దీన్నే ఎటిపికల్ హైపర్‌ప్లేసియా, రిపోర్టు భాషలో పొట్టిగా ‘ఎటిపియా’ అంటారు.

మొదటి రకంతో పోలిస్తే రెండో రకంలో తర్వాత క్యాన్సర్ వచ్చే అవకాశం 1.9 రెట్లు, ఎటిపియాలో 5.3 రెట్లు అని తేలింది. ఎటిపియాతో పాటు దగ్గరి రక్తసంబంధీకుల్లో రొమ్ము క్యాన్సర్ కూడా ఉంటే 11 రెట్లు. ఇవి వార్తల్లోకెక్కిన అంకెలు. అదే పరిశోధన చెప్పిన ఇంకో మాటకు అంత ప్రచారం రాలేదు: బినైన్ అని ముక్క పరీక్షలో తేలినవారిలో 70 శాతం మందికి అదనపు ముప్పేమీ లేదు.

ఇరవై ఏళ్ల తర్వాత, 2005లో, అమెరికాలోనే మేయో క్లినిక్ అనే ఆసుపత్రి 9,087 మందితో ఇదే పని చేసింది. ఎటిపియాకు 4.24 రెట్లు, ఎటిపియా లేని పెరుగుదలకు 1.88 రెట్లు వచ్చాయి. ఊరు మారినా, కాలం మారినా అంకెలు దాదాపు అక్కడే నిలబడ్డాయి. వైద్య పరిశోధనలో ఇలా నిలబడే అంకెలు అరుదు. నాష్‌విల్ బృందమే 1994లో ఫైబ్రోఅడినోమాలను కూడా విడదీసి చూసింది. లోపల తిత్తులు, సున్నపు మచ్చల్లాంటివి కలిసిన ‘కాంప్లెక్స్’ రకానికే ముప్పు మూడు రెట్ల దాకా ఉంది. కుటుంబంలో ఎవరికీ లేకుండా సాదా ఫైబ్రోఅడినోమా ఉన్నవారికి ముప్పు పెరగలేదు.

## ‘రెండు రెట్లు’ అంటే ఎంతమంది?

రెట్లు అన్న మాట వినగానే కాళ్లు చల్లబడతాయి. దేనికి రెట్లో చెప్పకపోతే ఆ మాటకు అర్థం లేదు.

మన దేశపు క్యాన్సర్ రిజిస్ట్రీల లెక్క ప్రకారం 75 ఏళ్లు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ బారిన పడే అవకాశం ఉన్నది ప్రతి 29 మంది స్త్రీలలో ఒకరికి. అంటే 100 మందిలో ముగ్గురు, నలుగురు. అమెరికాలో జీవితకాలంలో ఎనిమిది మందిలో ఒకరికి, అంటే 100లో పన్నెండు పదమూడు మందికి. ఇప్పుడు ‘రెండు రెట్లు’ అని రాసి ఉన్న రిపోర్టును రెండు చోట్లా పెట్టండి. అక్కడ అది 100లో పాతికమంది. ఇక్కడ దాదాపు ఏడుగురు, మిగిలిన 93 మందికి రానే రాదు. మోటు లెక్కే, వయసు, కుటుంబ చరిత్ర కలిపితే మారుతుంది. అసలు ఆ ‘రెండు రెట్లు’ కూడా ఎక్కువగా తెల్లజాతి స్త్రీలను చూసి కట్టినది. అయినా ఇంటర్నెట్‌లో అమెరికా అంకె చదివి, దాన్ని విజయవాడలోనో వరంగల్‌లోనో వచ్చిన రిపోర్టుకు అతికించుకునేవాళ్లకు ఈ తేడా తెలియాలి.

ఎటిపియా సంగతి వేరు. మేయో క్లినిక్‌లో ఎటిపియా ఉన్నవారిని 25 ఏళ్లు గమనిస్తే దాదాపు 100లో 30 మందికి క్యాన్సర్ వచ్చింది. 70 మందికి రాలేదు. మార్కర్ల కోసం వేట మొదలైంది సరిగ్గా ఇక్కడే: ఆ 30 మంది ఎవరో, ఈ 70 మంది ఎవరో ముందే విడదీయగలమా?

## స్లైడు మీద రంగు పులిమి అడిగే ప్రశ్నలు

ముక్కలోని పలచటి పొర మీద ఒక యాంటీబాడీ వేస్తే, దానికి సరిపడే ప్రోటీను ఉన్న కణాలు మాత్రమే గోధుమరంగుకు తిరుగుతాయి. రక్తంలో కాకుండా కణంలోనే చూసే మార్కర్లు ఇవి. వీటిలో కొన్ని పేరు తేల్చడానికి పనికొస్తాయి. పైన చెప్పిన సంతలో జనంలాంటి పెరుగుదలలో సైటోకెరటిన్-5 అనే ప్రోటీను చుక్కచుక్కలుగా, కొన్ని కణాల్లో ఉండి కొన్నింటిలో లేకుండా కనపడుతుంది. ఎటిపియాలో అది మాయమై, ఈస్ట్రోజెన్ హార్మోనును అందుకునే గ్రాహకం మాత్రం అన్ని కణాల్లోనూ ముదురుగా మెరుస్తుంది. పాల గుత్తుల్లో వచ్చే ఎటిపియాలో ఈ-క్యాడ్హెరిన్ అనే, కణాలను ఒకదానికొకటి అంటించే ప్రోటీను పోతుంది. ఇవి రోజువారీ పనిలో నిలదొక్కుకున్న పరీక్షలు.

ముప్పును కొలవడానికి వాడిచూసినవి ఇంత నిలకడగా లేవు. కేఐ-67 అనేది విభజన చెందుతున్న కణాల్లో కనపడే ప్రోటీను. ఎటిపియాలో ఇది ఎక్కువగా ఉన్నవారికి మొదటి పదేళ్లలో క్యాన్సర్ ఎక్కువగా వచ్చిందని, ఆ తర్వాత ఆ తేడా పలచబడిందని మేయో బృందమే చెప్పింది. వాపుతో ముడిపడిన కాక్స్-2 అనే ఎంజైము ముదురుగా ఉన్న ఎటిపియాలోనూ ముప్పు ఎక్కువే కనపడింది. ఆ పరిశోధనలో ఉన్నది 235 మంది. కెనడా స్క్రీనింగ్ పరిశోధనలోని ముక్కలను 1998లో పరిశీలిస్తే, పి53 ప్రోటీను పేరుకున్న బినైన్ ముక్కల్లో ముప్పు రెండున్నర రెట్లు కనపడింది. క్యాన్సర్‌లో ఎంతో ముఖ్యమైన హెర్-2 అనే ప్రోటీనుకు బినైన్ ముక్కల్లో అలాంటి సంబంధమేదీ కనపడలేదు. చిన్న గుంపుల్లో వచ్చిన ఇలాంటి అంకెలు, గుంపు మారగానే జారిపోవడం ఈ రంగంలో పదేపదే జరిగింది.

వీటన్నింటికంటే నన్ను ఆకట్టుకున్న గుర్తు అసలు ఏ రసాయనమూ కాదు. వయసుతో పాటు పాల గుత్తులు కుంచించుకుని మాయమవుతాయి కదా, అది ఎంతవరకు జరిగిందన్నది. 2006లో మేయో ముక్కల్లోనే చూస్తే, ఆ కుంచించుకుపోవడం పూర్తయినవారి ముప్పు మామూలు జనంతో సమానంగా ఉంది, అసలు మొదలుకానివారిలో రెండు రెట్లకు దగ్గరగా ఉంది. స్లైడులో ఎప్పటినుంచో ఉన్న సంగతే, అప్పటిదాకా ఎవరూ లెక్కపెట్టలేదు.

## తిత్తిలోని నీటికి రెండు సాక్ష్యాలు

నీటి తిత్తిని సూదితో గుచ్చితే సిరంజిలోకి వచ్చేది ఒక్కోసారి గడ్డి రంగు, ఒక్కోసారి ఆకుపచ్చ, ఒక్కోసారి కాఫీ డికాక్షన్ రంగు. గడ్డ అక్కడికక్కడే అణిగిపోతుంది. ఆ నీటిని పారబోయకుండా ల్యాబుకు పంపినవాళ్లకు విచిత్రం కనపడింది. రక్తంలో సోడియం చాలా ఎక్కువ, పొటాషియం చాలా తక్కువ. కొన్ని తిత్తుల నీటిలోనూ అంతే. మరికొన్నింటిలో మాత్రం తలకిందులు: పొటాషియమే ఎక్కువ. చెమట గ్రంథుల కణాలను పోలిన కణాలు తిత్తి లోపలి గోడకు అతుక్కుని, చురుగ్గా పనిచేస్తూ ఉప్పులను అటూ ఇటూ తోడటం దీనికి కారణం. ఆ కణాలే జీసీడీఎఫ్‌పీ-15 అనే ప్రోటీనునూ, కొన్ని హార్మోన్ల రూపాలనూ కూడా అందులో కూడబెడతాయి. లోపలి గోడ చదునుగా, మందకొడిగా ఉన్న తిత్తిలో ఇవేవీ ఉండవు.

చురుగ్గా ఉన్న కణం రేపు అదుపు తప్పొచ్చు కదా అన్న ఊహ సహజమే. ఇటలీలో 802 మంది స్త్రీలను గమనించిన పరిశోధన 1997లో అవునంది: పొటాషియం ఎక్కువున్న తిత్తులవారిలో క్యాన్సర్ నాలుగు రెట్లకు పైగా ఎక్కువ. రెండేళ్లకే, 1999లో, ఎడిన్‌బరో నుంచి 1,374 మంది స్త్రీల లెక్క వచ్చింది. చేతికి తగిలేంత తిత్తులున్నవారిలో మామూలు జనంకంటే ముప్పు ఎక్కువే, చిన్న వయసువారిలో మరీను. కానీ తిత్తి రకాన్ని బట్టి తేడా లేదు! ఇద్దరూ శ్రద్ధగానే చేశారు. క్యాన్సర్ వచ్చినవారి సంఖ్య తక్కువైనప్పుడు, నలుగురైదుగురు అటుంటే ఒక జవాబు, ఇటుంటే ఇంకో జవాబు వస్తుంది. ఈ సాక్ష్యాలు ఇలా విడిపోవడం వల్లే ఇవాళ తిత్తి నీటిలో పొటాషియం చూసి ఎవరికీ ముప్పు చెప్పడం లేదు. నీటిలో రక్తం ఉందా, గుచ్చాక గడ్డ పూర్తిగా పోయిందా, మళ్లీ నిండిందా అన్నవే చూస్తున్నారు.

చనుమొన నుంచి పీల్చిన చుక్కతో పరీక్ష చేసి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) అక్కర్లేదని ప్రచారం చేసిన పద్ధతి కూడా ఉండేది. అది మామోగ్రామ్‌కు బదులు కాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో స్త్రీలను హెచ్చరించింది.

రక్తంలోని హార్మోన్లదీ ముప్పులో పాత్ర ఉంది. నెలసరి ఆగినవారిలో ఈస్ట్రడయాల్ అనే ఈస్ట్రోజెన్ హార్మోను ఎక్కువున్న అయిదో వంతుకు, తక్కువున్న అయిదో వంతుకంటే ముప్పు రెట్టింపని తొమ్మిది పరిశోధనలను కలిపి 2002లో తేల్చారు. కణాల పెరుగుదలకు తోడ్పడే ఐజీఎఫ్-1 అనే హార్మోనుకు ఆ తేడా 28 శాతమే. జబ్బు ఎలా పుడుతుందో అర్థం చేసుకోవడానికి ఇవి విలువైనవి. ఒక మనిషి చేతికి ఇచ్చే రిపోర్టుకు చాలవు.

## గుంపుకు పనికొచ్చేది మనిషికి ఎందుకు చాలదు

ఇక్కడ నిపుణులు రెండు వైపులా ఉన్నారు, రెండు వైపులా బరువైన కారణాలున్నాయి.

మార్కర్ల వెంట పడదాం అనేవాళ్ల ఆధారం, రొమ్ములో ఈస్ట్రోజెన్ పనిని అడ్డుకునే టామాక్సిఫెన్ అనే మాత్ర. 1998లో వెలువడిన, 13,388 మంది స్త్రీలతో చేసిన అమెరికా పరిశోధనలో ఈ మాత్ర వాడినవారిలో నాళం గోడ దాటి చుట్టూ పాకే రకం క్యాన్సర్లు సగానికి తగ్గాయి. ఎటిపియా ఉన్నవారిలోనైతే 86 శాతం తగ్గాయి. అయితే గర్భాశయ క్యాన్సర్, కాళ్లలో ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం లాంటి ప్రమాదాలు, వేడి ఆవిర్లు ఉండటంతో, అర్హత ఉన్నా ఈ మాత్రకు చాలామంది ఒప్పుకోరు. క్యాన్సర్ వచ్చే 30 మందిని ముందే గుర్తిస్తే మిగిలిన 70 మందికి మందు తప్పుతుంది కదా అన్నది వీళ్ల వాదన. న్యాయమైన వాదన. 2019లో అయిదు మిల్లీగ్రాముల చిన్న డోసుతోనూ ఫలితం వచ్చిందని ఇటలీ పరిశోధన చూపాక ఈ ఆశకు బలం పెరిగింది.

రెండో వైపువాళ్లు ఇలా లెక్క వేస్తారు. పదేళ్లలో 100కు ముగ్గురికి క్యాన్సర్ వచ్చే గుంపు తీసుకోండి. ముప్పును రెట్టింపు చూపే మార్కర్ ఒకటి సగంమందిలో ఉందనుకోండి. మార్కర్ ఉన్న 100 మందిలో నలుగురికి వస్తుంది, లేని 100 మందిలో ఇద్దరికి. ‘మీకు ముప్పు రెట్టింపు’ అని చెప్పి పంపిన 100 మందిలో 96 మంది పదేళ్లు రాని జబ్బుకు భయపడతారు, ‘లేదు’ అని చెప్పినవారిలోంచి ఇద్దరు జబ్బు పడతారు. గుంపుల మధ్య తేడా నిజమే. అది ఒక మనిషిని ఇంకో మనిషి నుంచి విడదీసేంత పెద్దది కాదు.

నేనైతే ఈ రెండో లెక్కకే మొగ్గుతాను, ఇప్పటికి. ఎటిపియా అన్న మాట ఉన్న రిపోర్టుకు ఉన్నంత బలం ఇంతవరకు ఏ ఒక్క రసాయనానికీ రాలేదు.

## ఆ ఒక్క మాట మీద కూడా అందరూ ఏకీభవించరు

ఇంత బరువు మోస్తున్న ఎటిపియా అన్న మాట కూడా చూసే కంటిని బట్టి మారుతుంది. 2015లో అమెరికాలో 115 మంది పెథాలజిస్టులకు (ముక్కలను మైక్రోస్కోపు కింద చూసి తేల్చే వైద్యులకు) 240 కేసుల నుంచి స్లైడ్లు ఇచ్చి, వాళ్ల జవాబులను నిపుణుల బృందం తేల్చినదానితో పోల్చారు. పాకే క్యాన్సర్ విషయంలో 96 శాతం సరిపోయాయి. ఎటిపియా దగ్గరకొచ్చేసరికి 48 శాతమే. కొందరు దాన్ని తక్కువగా చూశారు, కొందరు ఎక్కువగా. సైటోకెరటిన్-5 లాంటి రంగులు పనికొచ్చేది ఇలాంటి చోటే. రెండో పెథాలజిస్టు చూపుకు విలువ ఉండేదీ ఇక్కడే.

నాష్‌విల్ పరిశోధన జరగడానికి కారణం, ఎప్పుడో తీసిన ముక్కలను మైనంలో పోసి, అగ్గిపెట్టెకంటే చిన్న బ్లాకులుగా దాచి ఉంచడం. అలా దాచిన ముక్క దశాబ్దాల తర్వాత కూడా కొత్త ప్రశ్నకు జవాబిస్తుంది. ఇవాళ మన ఆసుపత్రుల్లో తీసిన ముక్కలూ అలాంటి మైనం బ్లాకుల్లోనే ఉంటాయి, అడిగితే బ్లాకునూ స్లైడ్లనూ ఇస్తారు. ఇళ్లలో మాత్రం బీరువాలో, బట్టల షాపు కవర్లో, మడతలు పడిన కాగితం ఒక్కటే మిగులుతుంది. అందులోనూ చివరి వరుస ‘క్యాన్సర్ లేదు’ అన్నదాన్నే గుర్తుపెట్టుకుంటారు. పదేళ్ల తర్వాత ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు ‘అప్పుడు ముక్కలో ఏం వచ్చిందమ్మా?’ అని అడిగితే, జవాబు ఉండేది ఆ చివరి వరుసకు పైన ఉన్న రెండు వరుసల్లో: కణాలు పెరిగాయా, పెరిగితే ఎటిపియా ఉందా అన్నచోట.